చిరివేరు: మరుగున పడిన తీరపుమొక్క

నూజివీడు మామిడితోటల రైతులు చదువు పత్రికలో, సముద్రపుటొడ్డున మొలచు జానెడు మొక్కను గూర్చి వ్యాసమేల యని సభ్యులు శంకింపవచ్చును. ఎరువులు, అంట్లు, తెగుళ్లు, అప్పులు, ధరలు – ఇవి గదా మనకు కావలసిన విషయములు! అట్లయినను ఈ మాసమున కొంచెము ఓపికతో ఈ పుటలు చదువుడని మా మనవి. ఏలయన ఈ మొక్క ఒకప్పుడు కృష్ణాతీరపు రైతునకును, రంగిరేజునకును, వర్తకునకును కూడ అన్నము పెట్టినది. దాని వేరునుండి వచ్చిన ఎరుపు మన సీమ పేరును ఖండాంతరములకు గొనిపోయినది. పిమ్మట ఇంచుమించు ఒక్క తరములో దాని విలువ నశించెను. నేడు దాని కాశ్రయమైన ఇసుకనేలయే తరిగిపోవుచున్నది. ఈ వృత్తాంతమున మామిడిరైతు తెలిసికొనదగినది చాల గలదని మేము నమ్ముచున్నాము.

ఆ మొక్క పేరు చిరివేరు. అరవమున దానిని సాయవేరు అందురు. ఆ మాటనే ఆంగ్లేయ వర్తకులు తమ నోట "చే" వేరుగా మార్చుకొనిరి. వృక్షశాస్త్రజ్ఞులు దానికి ఓల్డెన్‌లాండియా అంబెల్లేటా అని పేరిడిరి. ఈ పేరు స్వీడను దేశీయుడగు లిన్నేయసు 1753లో ప్రకటించినది. కాఫీ, మంజిష్ఠ, తొగరుచెట్టు, చిరివేరు – ఈ నాలుగును ఒకే కుటుంబములోనివి. అందు కాఫీ గింజకు పేరొందినది. తక్కిన మూడును ఎరుపునకు పేరొందినవి.

మొక్క గుర్తులు

చిరివేరు నేలబారుగ పెరుగు చిన్న మొక్క. సామాన్యముగ జానెడు ఎత్తునకు మించదు. మొదటినుండియే అనేకమైన సన్నని కొమ్మలు బయలుదేరి నలుప్రక్కల పరచుకొనును. ఆకులు సూదులవలె సన్ననివి; కణుపు కణుపునకు గుంపులుగ నుండును. పువ్వులు తెల్లనివి, మిక్కిలి చిన్నవి, నాలుగేసి రేకులు గలవి. ఒక కాడ చివర గొడుగుకమ్ములవలె చీలిన తొడిమలపై కొన్ని పువ్వులు కలిసి పూయును. శాస్త్రనామములోని రెండవ మాటకు గొడుగువంటి గుత్తి గలదని యే అర్థము. కాయలు చిన్నవి, వానిలోని గింజలు ఇసుకరేణువులకన్న పెద్దవి కావు.

మన మామిడితోటలలో వానకాలమున మొలచు పర్పాటకము దీనికి దగ్గరి చుట్టము. రెండింటి పువ్వులును తెల్లనివే, చిన్నవే. కావున తొందరపాటున ఒకదానిని మరియొకటిగ భ్రమపడవచ్చును. చిరివేరు ఆకులు మరింత సన్ననివి, మరింత ఒత్తుగ నుండునవి. పువ్వులగుత్తి కూడ నిండుగ నుండును.

చూచువానికి పైభాగమున విశేషమేమియు కానరాదు. విశేషమంతయు మట్టిలోనే యున్నది. సన్నని తల్లివేరు ఇసుకలోనికి నిటారుగ దిగును. మెత్తని ఇసుకలో సాగుచేసిన మొక్కకు ఈ వేరు ఒకటి మొదలు రెండు అడుగుల పొడవు ఉండును. ప్రక్కవేళ్లు కొలదిగనే యుండును. పచ్చివేరు నారింజరంగులో నుండును. రంగు అంతయు వేరు పైబెరడులోనే యుండును. లోపలి కఱ్ఱ తెల్లగ, నిరుపయోగముగ నుండును. తానుగ మొలచిన అడవిచిరివేరునకు వేరు పొట్టి. దానినుండి వచ్చు రంగు నాలుగవవంతు ఎక్కువ యనియు, గుణమున కూడ మేలైనదనియు నాటివారు తలచుచుండిరి. ఈ సంగతిని వ్రాసినవాడు సామర్లకోటలో నుండిన వైద్యుడు విలియం రాక్స్‌బర్గు. ఆయన 1781 మొదలు 1793 వరకు అచ్చట నుండి, దేశీయ చిత్రకారులచేత మన తీరపు మొక్కల బొమ్మలు వ్రాయించి, వాని తెలుగుపేళ్లతో సహా వివరములు సేకరించెను. 1795లో లండను నగరమున వెలువడ నారంభించిన ఆయన కోరమాండల్ తీరపు వృక్షగ్రంథపు మొదటి సంపుటములోనే చిరివేరు చిత్రము గలదు.

దాని నేల ఎట్టిది?

చిరివేరు ఇసుకనేలల మొక్క. లోతట్టు ఇసుకపొలములలోను అచ్చటచ్చట కానవచ్చును గాని, దాని పుట్టినిల్లు సముద్రతీరమే. తీరపు ఇసుకను మనము సామాన్యముగ బీడు అందుము. నిజమునకు అది ఒక క్రమముతో నేర్పడిన నేల. కెరటములకు దగ్గరగ, కదలుచున్న ఇసుకలో, రావణాసురుని మీసములు అను ముండ్లగడ్డియు, మేకగిట్టవలె చీలిన ఆకులతో ఊదాపువ్వులు పూయు తీగయు మొదట పాదుకొనును. అవి గాలికి లేచు ఇసుకను పట్టి నిలిపి తిప్పలుగ చేయును. ఆ తిప్పల వెనుక ఇసుక కదలిక తగ్గును. అచ్చట మొగలి, తాటి, ముండ్లపొదలు పెరుగును. వాని నడుమ ఎండ బాగుగ తగులు ఖాళీస్థలములలో చిరివేరువంటి చిన్నమొక్కలు నిలుచును. నీడలో ఇది బ్రదుకజాలదు. నీరు నిలుచు జిగటమట్టి దానికి సరిపడదు.

ఆ ఇసుకలో మరియొక గుణము గలదు. అనేక సంవత్సరములుగ సముద్రము ఒడ్డునకు చేర్చిన గుల్లలు, చిప్పలు పొడియై అందు కలసియుండును. అనగా ఆ నేలలో సున్నము విశేషము. ఈ సున్నమునకును చిరివేరు ఎరుపునకును గల సంబంధము క్రింద తెలియగలదు. కృష్ణాముఖద్వారపు సమీపమున, నిజాంపట్నము మొదలగు ప్రాంతముల వేరు మిక్కిలి శ్రేష్ఠమని పూర్వపువర్తకులు తలచుటకు ఈ గుల్లయిసుక యొక కారణము.

ఈ తిప్పలు రైతునకు చేయు ఉపకారము ఇంకొకటి గలదు. వాననీరు ఇసుకలో ఇంకి, అడుగున నున్న ఉప్పునీటిపైన మంచినీటి పొరగ నిలుచును. బాపట్ల, చీరాల ప్రాంతములందు రైతులు ఈ మంచినీటికొరకే దొరువులు త్రవ్వి, కడవలతో నీరు చల్లి ఇసుకలో నారుమళ్లు, కూరగాయలు పండించుకొనుట మన మెరుగుదుము. తిప్పను త్రవ్వి ఇసుక తరలించినచో ఆ మంచినీటి పొర పలుచబడును, ఉప్పునీరు పైకి వచ్చును. కావున చిరివేరు నిలిచియున్న నేల కేవలము ఒక పువ్వునకు కాపురము మాత్రమే కాదు. అది తీరపురైతు త్రాగు నీటికి కూడ గాదె.

ఎరుపు వచ్చు విధము

వేరును నలుగగొట్టి నీట మరిగించి బట్టను ముంచినంతమాత్రమున మంచి ఎరుపు రాదు. ముందుగ బట్టను సిద్ధపరుపవలయును. మచిలీపట్టణపు అద్దకమున బట్టను చక్కగ ఉతికి, కరక్కాయపొడి కలిపిన గేదెపాలలో నానవేసి ఎండబెట్టుదురు. కరక్కాయలోని వగరు నూలుపోగును పట్టుకొనును. పాలలోని క్రొవ్వు అద్దిన మందు ప్రక్కలకు వ్యాపింపకుండ ఆపును. పిమ్మట ఎరుపు కావలసినచోట్ల పటికనీటిని అచ్చులతో గాని కలముతో గాని అద్దుదురు. నలుపు కావలసినచోట్ల తుప్పుపట్టిన ఇనుపముక్కలను బెల్లపునీటిలో అనేకదినములు నానవేసి తీసిన కసిమును వాడుదురు. కసిము కరక్కాయతో కలిసినంతనే నల్లబడును. పటిక అద్దినచోట మాత్రము అప్పటికి రంగేమియు కానరాదు. బట్టను పారునీట జాడించి, చిరివేరు రంగునీటిలో వేసి ఉడికించినప్పుడే ఆ చోట్లు ఎఱ్ఱనగును. పటిక లేనిచోట అంటుకొన్న మలినపురంగు మాత్రము ఎండలో పరచి నీరు చల్లుచు చలువచేయుటచేత క్రమముగ పోవును.

దీనికి కారణమును రసాయనశాస్త్రము ఇట్లు చెప్పుచున్నది. వేరులో అలిజరిన్ అను పదార్థము గలదు. ఇది ఒంటరిగ పోగునకు గట్టిగ అంటుకొనదు. పటికలోని లోహముతో కలిసినప్పుడు నీట కరగని ఎరుపుగ మారి పోగును విడువక పట్టుకొనును. ఆ కలయికలో సున్నపుపాలు కూడ నున్నయెడల ఎరుపు ప్రకాశవంతమగును, గట్టిపడును. గుల్లయిసుకలో పెరిగిన వేరు పేరొందుటలోని మర్మ మిదియే. నాటి రంగిరేజు ఈ శాస్త్రపదములు ఎరుగడు. కాని ఏ ఊరి వేరు, ఏ బావి నీరు మంచి ఎరుపునిచ్చునో వానికి బాగుగ తెలియును. 1742లో కేర్దూ అను ఫ్రెంచి పాదిరి, తెలుగుభాష కూడ నేర్చినవాడు, మన దక్షిణదేశపు అద్దకపువారినుండి ఈ క్రమమును తెలిసికొని తన దేశమునకు సవిస్తరమైన లేఖ వ్రాసెను. పాశ్చాత్యులు ఈ విద్యను ఎంత ఆసక్తితో వెదకిరో దీనినిబట్టి ఊహింపవచ్చును.

సాగు క్రమము

చిరివేరును రైతులు అడవినుండి త్రవ్వుటయేగాక పొలములలో సాగు కూడ చేసిరి. తేలిక ఇసుకనేలను ఎంచి, మెత్తగ దున్ని, చదునుచేసి, చిన్న మడులుగ విభజించి, వానకాలపు ప్రారంభమున విత్తుచుండిరి. గింజలు ఇసుకరేణువులంతటివి గనుక వానిని వేరుచేయుట అసాధ్యము. అందువలన కాయలు పగిలి గింజ రాలిన పిమ్మట మొక్కల చుట్టునున్న పైయిసుకను ఊడ్చి దాచి, ఆ ఇసుకనే విత్తనముగ చల్లు పద్ధతి ఏర్పడెను. లేతమొలకలకు తడి ఆరకుండ పలుమారులు కొంచెము కొంచెముగ నీరు చల్లవలయును. మంచివేరు కావలసినయెడల మొక్కను రెండవ సంవత్సరమువరకు నేలలో నుంచవలయును. త్రవ్వునప్పుడు వేరు తెగకుండ లోతుగ త్రవ్వి, మన్ను దులిపి, కట్టలుగ కట్టి ఎండబెట్టుదురు.

ఈ పద్ధతిలోని ఒక సూక్ష్మమును రైతులు గమనింపవలయును. విత్తనము విడిగ సంచిలో లేదు. ఆ నేలపైపొరలోనే యున్నది. అనగా నేల చేజారిన దినమున విత్తనము కూడ చేజారును. గాదెలో దాచుకొన్న వడ్లను మరియొకచోట చల్లుకొనవచ్చును. తీరపు ఇసుకను లారీలకెత్తి పంపినచో చిరివేరు విత్తనము కూడ దానితోనే పోవును.

పేరుప్రతిష్ఠల కాలము

17వ శతాబ్దపు ఆరంభమున డచ్చివారును, 1611లో ఆంగ్లేయులును మచిలీపట్టణమున వర్తకశాలలు నెలకొల్పిరి. వారు కోరి వచ్చిన సరకులలో అద్దకపుబట్టలు ముఖ్యమైనవి. పారశీక దేశమునకును, తూర్పుద్వీపములకును, ఐరోపాకును బందరు అద్దకములు ఓడలపై పోవుచుండెను. ఉతికినకొలదియు వన్నె తరుగక నిలుచు ఆ ఎరుపును చూచి పాశ్చాత్యులు ఆశ్చర్యపడిరి. తుదకు తమ నేతగాండ్రకు నష్టమని ఫ్రాన్సు ప్రభుత్వము 1686లో ఇట్టి బట్టలను నిషేధించెను. ఆ నిషేధము 1759 వరకు సాగెను. ఇంగ్లండులో 1700లో ఒక చట్టము, 1721లో మరియొక చట్టము పుట్టెను. ఒక దేశపు అద్దకమునకు జడిసి రెండు మహారాజ్యములు శాసనములు చేయవలసివచ్చెను! ఆ అద్దకపు ఎరుపునకు మూలము ఇసుకలోని ఈ జానెడు మొక్క.

సింహళద్వీపపు ఉత్తరతీరమున, మన్నారు ప్రాంతమున కూడ ఈ వేరు మొలచును. అచ్చట వేరుత్రవ్వుటపై హక్కు పరిపాలకులదై, అది వారి ఆదాయములలో నొకటిగ నుండెను. పాలకుడు పన్ను వేయుట ఆ సరకు విలువకు గుర్తు గదా.

వన్నె తరిగిన విధము

1864 నవంబరు 1వ తేదీ రాత్రి ఉప్పెన మచిలీపట్టణమును ముంచెత్తెను. సుమారు 30,000 మంది మరణించిరి. ఆ పట్టణపు వర్తకమునకు, పనివారికి అది పెద్ద దెబ్బ. నాలుగేండ్లు తిరుగకముందే చిరివేరునకు రెండవ దెబ్బ తగిలినది. ఇది సముద్రమునుండి గాక, దూరదేశపు ప్రయోగశాలనుండి వచ్చినది. 1868లో బెర్లిను నగరమున గ్రేబె, లీబర్మన్ అను ఇద్దరు రసాయనికులు రాతిబొగ్గు తారునుండి లభించు పదార్థముతో అలిజరిన్‌ను చేయగలిగిరి. 1869 జూన్ మాసమున జర్మనులును, ఇంగ్లండున పెర్కిన్ అనువాడును, చవుకగ చేయు పద్ధతిపై ఒక్క దినము తేడాతో హక్కుపత్రములకు దరఖాస్తు చేసిరి. కొన్ని యేండ్లలోనే సీమరంగు బజారును ఆక్రమించెను.

దీనివలన మన రైతు మాత్రమే చెడలేదు. ఫ్రాన్సుదేశపు దక్షిణభాగమున మంజిష్ఠజాతి వేరును పండించు రైతులు కూడ ఆ దశాబ్దములోనే ఆ సాగు విడువవలసివచ్చెను. రెండేండ్లు నేలలో నుంచి, త్రవ్వి, ఎండబెట్టి, దంచవలసిన వేరును, డబ్బాలో వచ్చు పొడి సులభముగ ఓడించినది. ఇందు ఎవరినో నిందించుటవలన ప్రయోజనము లేదు. అయితే ఒక సంగతి గమనింపదగినది. వేరు పండించువారికి ఆనాడు సంఘము లేదు. మన దేశమున సహకార పరపతిసంఘముల చట్టము 1904లో గాని రాలేదు. ధర పడినప్పుడు సరకును నిలువచేయుటకు గాని, మేలైన వేరును వేరుచేసి దానికి తగిన కొనుగోలుదారును వెదకుటకు గాని, తుదకు విత్తనపు ఇసుకను ఒక మడియందైనను కాపాడుటకు గాని కలిసికట్టుగ పూనుకొన్నవారు లేరు. ఎవరికి వారే విడిచిపెట్టిరి. సాగు పోయినది, సాగుతోపాటు దాని తెలివియు పోయినది.

నేటి స్థితి

నేడు నూజివీడునుండి హనుమాన్ జంక్షన్, గుడివాడల మీదుగ బందరు పోవువారికి త్రోవలో పెడన తగులును. అచ్చట అచ్చుల అద్దకము నేటికిని సాగుచున్నది. మచిలీపట్టణపు కలంకారీకి భౌగోళికగుర్తింపు కూడ లభించినది. కాని ఎరుపుకొరకు అచ్చట విరివిగ వాడునది కొన్న అలిజరిన్. కరక్కాయ, పటిక, కసిము నిలిచినవి. చిరివేరు మాత్రము తప్పుకొన్నది. తమిళదేశమున సిద్ధవైద్యులు దీనిని ఇంపూరల్ అను పేర దగ్గునకును, రక్తము పడు వ్యాధికిని వాడుచుందురు గనుక మూలికల అంగళ్లలో దాని పేరు ఇంకను వినబడును.

చిరివేరు అంతరించెనని చెప్పరాదు. కాని దాని నేల ఇరుకగుచున్నది. తిప్పలను చదునుచేసి ఇండ్లస్థలములుగ అమ్ముచున్నారు. ఇసుకను త్రవ్వి తరలించుచున్నారు. తీరపుపల్లెలలో రొయ్యలచెరువులు పెరిగి ప్రక్కనేలలు ఉప్పుబారుచున్నవి. సరుగుడుతోటలు గాలిని అడ్డి ఊళ్లకు మేలుచేయుచున్న మాట నిజమే. కాని ఒత్తుగ నాటినచోట వాని నీడయు, రాలిన ఆకుపరుపును క్రిందనున్న చిన్నమొక్కలను బ్రదుకనీయవు. అందువలన సరుగుడు వేయుచోట కూడ నడుమ నడుమ కొంత ఇసుకను బయలుగ విడుచుట మంచిది. సముద్రతీర నియంత్రణకై కేంద్రప్రభుత్వము 2011లోను, 2019లోను చేసిన ప్రకటనలు ఇసుకతిప్పలను మిక్కిలి సున్నితమైన స్థలములలో చేర్చి కాపాడవలెనని చెప్పుచున్నవి. శాసనము కాగితముపై నున్నది. కాపలా గ్రామస్థుల చేతిలో నున్నది.

మామిడిరైతునకు దీనితో నేమి పని?

మన ప్రాంతము మెట్ట. సముద్రము మనకు కానరాదు. అయినను చిరివేరు కథలోని మూడు సంగతులు మన తోటలకు కూడ వర్తించును.

మొదటిది, ఒకే సరకు, ఒకే కొనుగోలుదారు అను స్థితి ప్రమాదకరము. 2025లో చిత్తూరు ప్రాంతమున తోతాపురి ధర పడిపోయి, గుజ్జుకర్మాగారములమీదనే ఆధారపడిన రైతులు పడిన ఇక్కట్లు మన మెరుగుదుము. మనము కలెక్టరుకాయ యనునదియు ఆ తోతాపురియే.

రెండవది, బజారు అడుగనిదెల్ల పనికిరానిది కాదు. నూజివీడు పేరు చెప్పినంతనే జనులకు జ్ఞప్తికి వచ్చునది చిన్నరసము. పెద్దరసము, చెరుకురసము కూడ మన సొత్తే. ఇవి పలుచని తోలు గలవి, దూరప్రయాణమునకు ఓర్వవు, కావున తోటలలో బంగినపల్లి, కలెక్టరు ముందునకు వచ్చి రసములు వెనుకబడినవి. బజారును అనుసరించుట తప్పు కాదు. కాని తోటకు నాలుగు రసపుచెట్లైనను నిలుపక, పేరులేని నాటురకములను గుర్తింపక గొడ్డలికి అప్పగించినచో, చిరివేరు విషయమున తీరపురైతు పోగొట్టుకొన్నదే మనమును పోగొట్టుకొందుము. మామిడి టెంకనుండి మొలచిన చెట్టు తల్లివంటి కాయను ఇచ్చునన్న నమ్మకము లేదు. అంటువలననే రకము నిలుచును. కావున తల్లిచెట్టు పోయిన దినమున, అంటు లేనియెడల, ఆ రకము పోయినట్లే.

మూడవది, నేలయు గుణమును విడదీయరానివి. గుల్లయిసుక చిరివేరునకు మంచి ఎరుపు నిచ్చినట్లే, మన ఎర్రగరపనేలలు, మన ఎండ, మన రైతు చేయి కలిసి నూజివీడు రసమునకు ఆ పేరు తెచ్చినవి. పైమట్టిని ఇటుకలకును, రోడ్లకును అమ్ముకొనువారు ఈ సంగతి తలపోయవలయును.

సంఘసభ్యులు చేయదగిన పనులు

ఒకటి: తీరమునకు పోయినప్పుడు గాని, బంధువుల ఇసుకపొలములలో గాని చిరివేరును చూచినచో గుర్తించి, స్థలము పేరు వ్రాసి సంఘమునకు తెలుపుడు. వేరు రంగు చూడవలెనని మొక్కను పెరుకవలదు. వేరు తీసిన మొక్క మరల బ్రదుకదు. గింజ రాలకముందు త్రవ్వినచో మరుసటి యేడు ఆ చోట మొలకకూడ ఉండదు.

రెండు: ఇసుకపాలు హెచ్చుగనున్న నేల గల సభ్యుడు సెంటు మించని మడిలో దీనిని పెంచి చూడవచ్చును. లేతతోటలో చెట్ల నడుమ ఎండ తగులుచోటు ఇందుకు తగును. ముదురుతోట నీడలో ఇది రాదు. విత్తనమునకు తీరపురైతు సమ్మతితో గుప్పెడు పైయిసుక చాలును. దీనివలన లాభము వచ్చునని మేము చెప్పుట లేదు. ఎకరములకొలది వేయవలదు, అప్పు తెచ్చి అసలే వేయవలదు. విత్తనమును నిలుపుటయే దీని ప్రయోజనము.

మూడు: సహజమైన రంగులతో అద్దిన బట్టకు నేడు మరల గిరాకి కలుగుచున్నది. అట్టి అద్దకపువారితో సంఘము మాటలాడి, వారికి ఏది ఎంత కావలయునో తెలిసికొనుట మంచిది. వారు పసుపురంగుకొరకు దానిమ్మతొక్క మొదలగువానితోపాటు మామిడిబెరడును కూడ వాడుచుందురు. ఇది మన తోటల వస్తువే. అయితే బ్రదికియున్న చెట్టు మానును ఎన్నడును చెక్కవలదు. మానుచుట్టు బెరడు తీసినచో చెట్టు చచ్చును. కోత ముగిసిన పిమ్మట కత్తిరించు కొమ్మల బెరడు, గాలికి పడిన చెట్ల బెరడు చాలును.

నాలుగు: ప్రతి గ్రామములోని మామిడిరకములకు పట్టిక వ్రాయుడు. చెట్టు ఎవరి తోటలో నున్నది, దాని ఊరిపేరేమి, ఎప్పుడు పూయును, ఎప్పుడు పండును, ఊరగాయకా, రసమునకా, కోసి తినుటకా – ఇంతమాత్రము చాలును. మొక్కలరకముల రక్షణకును రైతుల హక్కులకును సంబంధించిన 2001వ సంవత్సరపు చట్టము క్రింద రైతులు తమ రకములను తమ పేర నమోదు చేయించుకొనవచ్చును. 2002వ సంవత్సరపు జీవవైవిధ్యచట్టము ప్రతి స్థానికసంస్థలోను ఒక సమితి ఉండవలెననియు, ఆ ఊరి మొక్కలు, పశువులు, వానిగూర్చిన తెలివి ఒక పుస్తకమున నమోదు కావలెననియు విధించుచున్నది. మన పంచాయతీలో ఆ పుస్తకము ఎంతవరకు వచ్చినదో అడుగుట సభ్యుల హక్కు.

ఐదు: పట్టికలో అరుదుగ తేలిన ప్రతి రకమునకును కనీసము రెండు అంట్లు కట్టించి, రెండు వేరువేరు తోటలలో నాటుడు. ఒక తోట గాలివానకు పడినను రెండవది నిలుచును. ఒక్కరివలన కాని ఈ పని సంఘమువలన సులభముగ నగును.

చిరివేరు ఎరుపును ప్రయోగశాల ఓడించినది. దానిని ఆపుట ఆనాటి రైతునకు సాధ్యము కాలేదు. కాని విత్తనమును, నేలను, తెలివిని కాపాడుకొనుట అసాధ్యమైన పని కాదు, పూనుకొన్నవారే కరవైరి. నేడు మనకు సంఘమున్నది, చట్టములున్నవి, చదువుకొన్న పిల్లలున్నారు. పువ్వు చిన్నదని గాని, కాయకు ధర లేదని గాని విడిచిపెట్టక, రాబోవు వేసవి కోతలు ముగియులోపల ప్రతి గ్రామపుసభ్యులును తమ పట్టికను సంఘకార్యాలయమునకు పంపుదురుగాక యని కోరుచున్నాము.